532001: శ్రీకాకుళం పిన్‌కోడ్ లోపలి గణితం

శ్రీకాకుళం పట్టణానికి రాసే ఉత్తరం మీద చిరునామా చివర 532001 అని ఉంటుంది. దేశంలో పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలు ఉన్న ప్రాంతం. మొదటి మూడంకెలు 532 శ్రీకాకుళం వైపు ఉత్తరాలను వేరుచేసే సార్టింగ్ జిల్లాను చెబుతాయి. చివరి మూడంకెలు తపాలా కార్యాలయానివి. ఈ సంఖ్య చూసేది ఉత్తరాలు వెళ్లే దారిని, రెవెన్యూ సరిహద్దును కాదు. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరం జిల్లాలోకి మారినా దాని పిన్ 532127గానే ఉండిపోయింది.

ఈ గుర్తును కాసేపు పక్కనపెట్టి 5,32,001 అనే పూర్ణసంఖ్యగా చూస్తే గణితంలో దానికి చాలా మంచి స్థానం ఉంది. అది ప్రధాన సంఖ్య. అంతకంటే విశేషం, అది రెండు వర్గాల మొత్తం. ఆ రెండు వర్గాలు 376, 625 అనే సంఖ్యలవి. మూడంకెల సంఖ్యల్లో తమ వర్గం చివర తామే కనిపించే గుణం ఈ రెండింటికే ఉంది. పక్కనే విజయనగరం పట్టణంలో వాడే 535001, 535002, 535003 వరుస సంఖ్యలే అయినా మూడూ మూడు వేరువేరు తరగతులకు చెందుతాయి. ఈ నంబర్లు ఇచ్చినవాళ్లు గణితం చూసి ఇవ్వలేదు కాబట్టి ఈ గుణాలన్నీ యాదృచ్ఛికంగా వచ్చినవే. వాటిని ఎలా కనిపెట్టాలి, ఎలా రుజువు చేయాలి అన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. అందులో పద్ధతి ఉంది.

తేలికగా తోసిపుచ్చగలిగినవి

చాలా సంఖ్యలు చూడగానే తేలిపోతాయి. బొబ్బిలి 535558 సరి సంఖ్య. ఆమదాలవలస 532185 చివర 5 ఉంది, అంకెల మొత్తం 24, కనుక 15తో నిశ్శేషంగా భాగం పోతుంది. పలాస 532221 అంకెల మొత్తం 15, కనుక 3తో పోతుంది. ఇవి మూడూ సంయుక్త సంఖ్యలే. కాగితం, పెన్సిల్ అక్కర్లేదు.

532001 చివరి అంకె 1, అంకెల మొత్తం 11. కాబట్టి 2, 3, 5లతో పోదు. 7, 11, 13లకు ఒకేసారి సరిపోయే ఉపాయం ఒకటుంది. 7 × 11 × 13 = 1001. అంటే ఈ మూడింటి విషయంలో 1000 అన్నా −1 అన్నా ఒకటే. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల ముక్కలుగా విడగొట్టి ఒకటి విడిచి ఒకటి తీసివేస్తే చాలు: 001 − 532 = −531. 531ని 7తో భాగిస్తే 6, 11తో భాగిస్తే 3, 13తో భాగిస్తే 11 మిగులుతాయి. దేనితోనూ పోలేదు. ఇలాగే 999 = 27 × 37 కనుక ముక్కలను కూడితే 37 సంగతి తేలుతుంది: 532 + 1 = 533, దాన్ని 37తో భాగిస్తే 15 మిగులుతుంది.

సంఖ్యలోంచి ఒకటి తీసేసి చూడడం ఇంకా లాభం. 532000 = 2⁵ × 5³ × 7 × 19. కనుక 532001ని 2, 5, 7, 19లలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. ఈ విభజనను గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు అసలు పని దీనితోనే.

ఇక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఉంది. 2, 3, 5, 7, 11, 13లతో పోలేదు కాబట్టి ప్రధాన సంఖ్యే అని రాసేస్తారు. విజయనగరం 535001 ఆ ఆరింటితోనూ పోదు, 17 నుంచి 43 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో కూడా పోదు. కానీ 47 × 11383 = 535001. భాజనీయతా సూత్రాలు సంయుక్త సంఖ్యను పట్టించగలవు. ప్రధాన సంఖ్య అని ధ్రువీకరించలేవు.

ఎక్కడిదాకా భాగించాలి

ఒక సంఖ్య రెండు కారణాంకాల లబ్ధం అయితే వాటిలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని మించదు. 729² = 531441, 730² = 532900. కనుక 532001కి 729 దాటి వెతకనక్కర్లేదు. 729 లోపు ప్రధాన సంఖ్యలు 129. సగం దాకా, అంటే రెండు లక్షల అరవై ఆరు వేల దాకా చూడాలని అనుకునేవాళ్లున్నారు. ఆ శ్రమ వృథా.

క్యాలిక్యులేటర్‌తో చేసేటప్పుడు దశాంశ భాగాన్ని చూసి నిర్ణయించడం కంటే శేషాన్ని లెక్కించడం మేలు. ఉదాహరణకు 47తో: భాగఫలంలో పూర్ణ భాగం 11319. దాన్ని 47తో హెచ్చిస్తే 531993, తీసివేస్తే శేషం 8. శేషం రాసిపెట్టుకుంటే తర్వాత సరిచూసుకోవచ్చు, దశాంశాలు రాసుకుంటే ఆ వీలు ఉండదు. కొన్ని శేషాలు చాలా చిన్నవి: 17కి 3, 43కి 5, 103కి 6, 461కి 7, 577కి 7. ఇలాంటిచోట్ల గుణకారంలో చిన్న తప్పు జరిగినా శేషం సున్నా అనిపించవచ్చు. అందుకని ఇవి రెండుసార్లు చూడదగినవి.

జాబితా తయారీలోనూ తేడాలు వస్తాయి. 91, 119, 133, 221, 247, 299 లాంటివి ప్రధాన సంఖ్యల్లా కనిపించి జాబితాలో చేరుతుంటాయి. వాటివల్ల నష్టం లేదు, కాస్త సమయం పోతుందంతే. అసలు ప్రధాన సంఖ్య ఒక్కటి జారిపోతే మాత్రం రుజువే చెల్లదు. 100 లోపు 25, 200 లోపు 46, 300 లోపు 62, 400 లోపు 78, 500 లోపు 95, 600 లోపు 109, 700 లోపు 125 అనే లెక్కలు దగ్గర పెట్టుకుంటే ఎక్కడ జారిందో వెంటనే తెలుస్తుంది. 700 తర్వాత మిగిలినవి 701, 709, 719, 727.

ఈ 129 భాగహారాలూ ఓపికగా చేస్తే ఒక్కదానికీ శేషం సున్నా రాదు. 532001 ప్రధాన సంఖ్య. ఇది అంత అరుదేమీ కాదు. ఐదు లక్షల పరిసరాల్లో సుమారు పదమూడు సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. చివర 1, 3, 7, 9 ఉన్నవాటిలోనే చూస్తే దాదాపు ఐదింటికి ఒకటి. అసలు అరుదైన సంగతి తర్వాత వస్తుంది.

625, 376

625 × 625 = 390625. చివరి మూడంకెలు మళ్లీ 625. 376 × 376 = 141376. చివర మళ్లీ 376. ఇలాంటివాటిని ఆటోమార్ఫిక్ సంఖ్యలంటారు. ఈ రెండు వర్గాలనూ కూడితే

390625 + 141376 = 532001.

ఒక ఊరి పిన్‌కోడ్ సరిగ్గా ఈ రెండింటి వర్గాల మొత్తం కావడం చూసి ఎవరైనా ఆగి మళ్లీ కూడుకుంటారు. కూడికలో తప్పు లేదు. చివర 001 ఎందుకు వచ్చిందో చెప్పడం తేలికే. 625² అంటే 390 వేల మీద 625. 376² అంటే 141 వేల మీద 376. వేలు కూడితే 531, మిగిలినవి కూడితే 1001. ఆ 1001లోని వెయ్యి పైకి వెళ్లి 532 అవుతుంది, కింద 1 మిగులుతుంది.

మూడంకెల సంఖ్యల్లో ఈ గుణం ఆ రెండింటికే ఉండడానికి కారణం ఇది. ఒక సంఖ్య వర్గం చివర అదే సంఖ్య రావాలంటే, దాన్ని దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో హెచ్చించినప్పుడు లబ్ధం 1000తో భాగం పోవాలి. 1000 = 8 × 125. పక్కపక్క సంఖ్యలు రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. కాబట్టి 125 మొత్తం ఏదో ఒకదాంట్లోనే ఉండాలి, 8 మొత్తం కూడా ఏదో ఒకదాంట్లోనే ఉండాలి. అలా నాలుగే దారులున్నాయి. రెండూ అదే సంఖ్యలో ఉంటే 000, రెండూ దాని ముందు సంఖ్యలో ఉంటే 001. ఈ రెండూ చెప్పుకోదగ్గవి కావు. 125 ఆ సంఖ్యలో, 8 ముందు సంఖ్యలో ఉంటే 625 (625 = 5⁴, 624 = 8 × 78). 8 ఆ సంఖ్యలో, 125 ముందు సంఖ్యలో ఉంటే 376 (376 = 8 × 47, 375 = 3 × 125). అంతే. పై 535001ని విడగొట్టిన 47 ఇక్కడ 376లోనూ ఉండడం యాదృచ్ఛికమే, కానీ కంటికి తగలకమానదు.

ఈ జంటలను మొదటి నుంచీ చూడాలి. ఒక అంకెలో 5, 6: 5² + 6² = 61, ప్రధాన సంఖ్య. రెండంకెల్లో 25, 76: 25² + 76² = 6401. ఇది ప్రధానం కాదు, 37 × 173. మూడంకెల్లో 625, 376: 532001, మళ్లీ ప్రధానం. జంట ఆటోమార్ఫిక్ అయినంత మాత్రాన మొత్తం ప్రధానం అవుతుందని లేదనడానికి మధ్యలోని 6401 ఒక్కటే చాలు.

6401 ఎందుకు విరిగిందో తరచి చూస్తే 532001 ఎందుకు నిలిచిందో బాగా అర్థమవుతుంది. 6401ని ఇంకో విధంగా కూడా రాయవచ్చు: 80² + 1². ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు వేరువేరు విధాల రాయగలిగితే అది తప్పకుండా సంయుక్త సంఖ్యే. కారణాంకాలను రాబట్టే మార్గం గణితవేత్త ఆయిలర్‌ది. సరి సంఖ్యలు 80, 76; బేసి సంఖ్యలు 25, 1. భేదాలు 4, 24, వీటి గ.సా.భా. 4. దానితో రెండు భేదాలనూ భాగిస్తే 1, 6. వీటి వర్గాల మొత్తం 1 + 36 = 37. ఇక మొత్తాలు 156, 26, వీటి గ.సా.భా. 26. రెండు గ.సా.భా.లలో సగాలు 2, 13. వాటి వర్గాల మొత్తం 4 + 169 = 173. లబ్ధం 37 × 173 = 6401. ఇందులో సరిని సరితో, బేసిని బేసితో జత చేయాలి. తారుమారు చేస్తే సగాలు పూర్ణసంఖ్యలు కావు, లెక్క అక్కడే నిలిచిపోతుంది.

532001కి రెండో విధం లేదు. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తం అవుతుందని, అదీ ఒకే ఒక్క విధంగా అని గణితవేత్త ఫెర్మా 1640లో మెర్సెన్‌కు రాసిన లేఖలో చెప్పాడు. దాన్ని పూర్తిగా రుజువు చేసినవాడు ఆయిలర్, అదీ నూరేళ్లు దాటాక. 532001ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి దాని ఒకే ఒక్క జంట 625, 376.

129 నుంచి 61కి, 61 నుంచి 8కి

ఈ జంట చేతికి వచ్చాక ప్రధానమో కాదో తేల్చే పని సగానికి పైగా తగ్గుతుంది. రెండు వర్గాల మొత్తాన్ని ఒక బేసి ప్రధాన సంఖ్య భాగించాలంటే, ఆ రెండు సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనప్పుడు, భాగించేది 4తో భాగిస్తే 1 మిగిలేదై ఉండాలి. 7ని తీసుకుని పరీక్షించవచ్చు. ఏ వర్గాన్ని 7తో భాగించినా మిగిలేది 0, 1, 2, 4లలో ఒకటి. వీటిలో ఏ రెండింటిని కూడినా 7 రాదు. సున్నా, సున్నా కలిస్తేనే 7తో పోతుంది, అప్పుడు ఆ రెండు సంఖ్యలూ 7 గుణిజాలై ఉండాలి. 625లో 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేదు, 376 = 8 × 47. ఉమ్మడి ఏమీ లేదు. కనుక 7, 11, 19, 23, 31 వగైరాలను భాగించి చూడనక్కర్లేకుండానే కొట్టివేయవచ్చు. 729 లోపు 129 ప్రధాన సంఖ్యల్లో మిగిలేవి 61.

ఇంకా తగ్గించడానికి 532000 విభజన పనికొస్తుంది. 3ని 266000 ఘాతానికి హెచ్చించి, 532001తో భాగించి శేషం చూడాలి. 266000 అంటే 532000లో సగం. సంఖ్య భయపెట్టేలా ఉన్నా, ప్రతి మెట్టులో వర్గం చేసి శేషం తీసుకుంటూ పోతే మొత్తం 18 వర్గీకరణలు, మధ్యలో ఐదుసార్లు 3తో గుణకారం. శేషాలు 532000 మించవు, వాటి వర్గాలు పన్నెండు అంకెలు దాటవు. దుకాణాల్లో బల్ల మీద ఉండే పన్నెండంకెల క్యాలిక్యులేటర్ సరిపోతుంది. పదంకెలది సరిపోదు, చివరి అంకెలు కోల్పోయి శేషం మొత్తం తప్పుతుంది.

266000 = 16 × 16625. ముందు 3^16625 శేషం తేల్చాలి. దారిలో ఘాతాలు 1, 2, 4, 8, 16, 32, 64, 129, 259, 519, 1039, 2078, 4156, 8312, 16625. రెట్టింపుకు ఒకటి ఎక్కువైనచోట వర్గం చేశాక 3తో హెచ్చించాలి. సరిచూసుకోవడానికి కొన్ని మజిలీలు: 64 దగ్గర శేషం 530092, 1039 దగ్గర 56082, 2078 దగ్గర 812, 4156 దగ్గర 127343, 16625 దగ్గర 9405. అక్కడి నుంచి నాలుగుసార్లు వర్గం చేస్తే 141859, 506055, 213651, చివరికి 532000. అంటే −1.

మధ్య మెట్లలో ఉన్నప్పుడు శేషం 266000 దాటితే దాన్ని 532001లోంచి తీసేసి రుణ సంఖ్యగా పట్టుకోవడం మంచిది. ఉదాహరణకు 530092 బదులు −1909. వర్గం చేస్తే గుర్తు ఎలాగూ పోతుంది, అంకెలు తగ్గి పని తేలికవుతుంది. ఎక్కువగా తప్పేది 129, 259 లాంటి మెట్లలో 3తో గుణకారం మరిచిపోవడం. అలా జరిగితే చివర 1 గానీ −1 గానీ రాదు, సంఖ్య సంయుక్తమన్న తప్పు నిర్ణయం వస్తుంది. చివర వింత శేషం వస్తే ముందు లెక్కను అనుమానించాలి, ఆ తర్వాతే సంఖ్యను.

−1 రావడంతో ఏమి తేలింది? 532001ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానితో భాగించినా 9405ను నాలుగుసార్లు వర్గం చేస్తే −1 రావాలి, ఐదోసారి 1 రావాలి. అంటే 9405 ఘాతాలు 32వ మెట్టులోనే మొదటిసారి 1కి చేరతాయి. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ మెట్ల సంఖ్య, భాగించే ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేదాన్ని నిశ్శేషంగా భాగించాలి. కాబట్టి ఆ కారణాంకాన్ని 32తో భాగిస్తే తప్పకుండా 1 మిగలాలి. 729 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు ఎనిమిదే: 97, 193, 257, 353, 449, 577, 641, 673. 532001ని వీటితో భాగిస్తే వరుసగా మిగిలేవి 53, 93, 11, 30, 385, 7, 612, 331. ఏదీ సున్నా కాదు. రుజువు పూర్తయింది.

ఫెర్మా పరీక్ష ఒక్కటే (సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి హెచ్చిస్తే శేషం 1 వస్తుందా అని చూడడం) చేసి ఆగిపోతే ఇది రుజువు కాదని గట్టిగా చెప్పాలి. 561 = 3 × 11 × 17. దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యను తీసుకుని 560 ఘాతానికి హెచ్చించినా శేషం 1 వస్తుంది, అయినా అది సంయుక్తమే. ఇలాంటివి కార్మైకేల్ సంఖ్యలు. పైన చేసినదానికి బలం ఘాతం సగంలోనే −1 రావడం నుంచి, మిగిలిన ఎనిమిది భాగహారాల నుంచి వచ్చింది.

ఒకవేళ 625, 376 జంట ముందుగా తెలియకపోయినా ఇదే లెక్కలోంచి అది బయటపడుతుంది. చివరికి ముందు మెట్టు 213651. దాని వర్గానికి 1 కలిపితే 532001 × 85802 అవుతుంది. ఇప్పుడు 532001, 213651లకు గ.సా.భా. కట్టే భాగహార పద్ధతినే నడపాలి. వచ్చే శేషాలు 104699, 4253, 2627, 1626, 1001, 625, 376. వర్గమూలం 729 కంటే కిందికి వచ్చిన మొదటి రెండు శేషాలే కావలసిన జంట. వాటికి ముందు మెట్టులో 1001 కనిపించడం కూడా సహజమే, అది ఆ రెండింటి మొత్తం. ఏ ఊహా లేకుండా, యంత్రంలా భాగించుకుంటూ పోతే ఇంత చక్కటి జంట దొరకడం ఈ మొత్తం లెక్కలో అతి మంచి ఘట్టం.

లంబకోణ త్రిభుజం కూడా ఇక్కడే దొరుకుతుంది. రెండు వర్గాల భేదం 390625 − 141376 = 249249. రెండు సంఖ్యల లబ్ధానికి రెట్టింపు 470000. కర్ణం 532001. అంటే 249249² + 470000² = 532001². పూర్ణసంఖ్యల భుజాలతో ఈ కర్ణానికి ఉన్న త్రిభుజం ఇదొక్కటే. 249249 చూడడానికి ముచ్చటగా ఉండడానికి కారణం, అది 249 × 1001. రెండు సంఖ్యల భేదం 249, మొత్తం 1001.

ఇక అంకెల మీద ఆధారపడే తరగతులు. అంకెలను తిరగేస్తే 100235 వస్తుంది, అది 5తో పోతుంది. కనుక 532001 తిరగేసినా ప్రధానంగా నిలిచే ఎమిర్ప్ రకం కాదు. అంకెల వర్గాల మొత్తం 39, తర్వాత 90, 81, 65, 61, 37, 58, 89 అని వలయంలో పడుతుంది, 1కి చేరదు. కాబట్టి హ్యాపీ సంఖ్య కాదు. 16625 × 2⁵ + 1 రూపంలో ఉన్నా 16625 అనేది 32 కంటే పెద్దది కనుక ప్రోత్ సంఖ్యల్లో చేరదు, వాటిలో 2 ఘాతాన్ని హెచ్చించే బేసి సంఖ్య ఆ ఘాతం కంటే చిన్నదై ఉండాలి. వీటిలో చివరిది తప్ప మిగతావి దశాంశ రాతకు సంబంధించినవి, సంఖ్య స్వభావానికి కావు. 625, 376ల ఆటోమార్ఫిక్ గుణం కూడా పది ఆధారంగా రాయడం వల్ల వచ్చిందే. 532001 రెండు వర్గాల మొత్తం అనేది మాత్రం ఏ రాతలో రాసినా మారదు.

విజయనగరం మూడు సంఖ్యలు

535001 = 47 × 11383. రెండూ ప్రధాన సంఖ్యలే కనుక ఇది సెమీప్రైమ్. 1 కాకుండా, తాను కాకుండా రెండే భాజకాలు. ఇంటర్నెట్ రహస్య లిపిలో వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి ఆధారం ఇలాంటి సంఖ్యలే, కాకపోతే అక్కడ వందలకొద్దీ అంకెలుంటాయి, కారణాంకాలు రెండూ చాలా పెద్దవిగా ఉంటాయి. ఇక్కడ ఒకటి 47 కావడంతో పదిహేనో ప్రధాన సంఖ్య దగ్గరే గుట్టు బయటపడుతుంది.

535003 = 7 × 23 × 3323. మూడు వేరువేరు ప్రధాన సంఖ్యల లబ్ధం, స్ఫెనిక్ అనే తరగతి. భాజకాలు ఎనిమిది. తనను వదిలి మిగతా భాజకాల మొత్తం 103205, సంఖ్య కంటే బాగా తక్కువ. అందుచేత న్యూన సంఖ్య.

మధ్యలో ఉన్న 535002 వీటన్నిటికంటే సంపన్నం. 2తో భాగిస్తే 267501. అంకెల మొత్తం 21, 3తో భాగిస్తే 89167. దాన్ని 13తో భాగిస్తే 6859. ఇక్కడ చాలామంది ఆగిపోయి 6859 ప్రధానం అనుకుంటారు, ఎందుకంటే 2 నుంచి 17 దాకా దేనితోనూ పోదు. కానీ అది 19 × 19 × 19. అంటే 535002 = 2 × 3 × 13 × 19³. సగటున 6859 సంఖ్యలకు ఒకటి మాత్రమే 19 ఘనంతో భాగం పోతుంది.

భాజకాల సంఖ్య కావాలంటే ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి హెచ్చించాలి: 2 × 2 × 2 × 4 = 32. భాజకాల మొత్తం 3 × 4 × 14 × 7240 = 1216320. ఇందులో 7240 అనేది 1 + 19 + 361 + 6859. ఘాతం ఉన్నచోట ఇలా పూర్తి వరుస కూడాలి, ఒక్క 1 + 6859 కూడితే లెక్క తప్పుతుంది. సంఖ్యను తీసేస్తే 681318 మిగులుతుంది, అది 535002 కంటే ఎక్కువ. కాబట్టి ఇది అధిక సంఖ్య. నిజానికి ఇంత లెక్క అక్కర్లేదు, 6 కంటే పెద్దదైన ప్రతి 6 గుణిజమూ అధిక సంఖ్యే. సగం, మూడో వంతు, ఆరో వంతు కూడితేనే సంఖ్య వచ్చేస్తుంది: 267501 + 178334 + 89167 = 535002. ఆ మూడూ కాక ఇంకా 1, 13, 19 లాంటి భాజకాలు మిగిలే ఉన్నాయి.

32 భాజకాలున్నా దీన్ని రామానుజన్ 1915లో అధ్యయనం చేసిన అతిసంయుక్త సంఖ్యల (తమకంటే చిన్న ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలున్నవాటి) వరుసలో చేర్చడానికి వీల్లేదు. 32 భాజకాలు 840కే వచ్చేశాయి. ఐదు లక్షల పరిధిలో ఆ వరుసకు చెందినది 498960, దాని భాజకాలు 200. తేడా ఎక్కడుందంటే 535002 తన పరిమాణంలో ఎక్కువ భాగాన్ని 19 ఘనానికే ఖర్చు పెట్టింది. భాజకాలు పెరగాలంటే 2, 3, 5, 7 లాంటి చిన్న ప్రధాన సంఖ్యల మీద పెట్టాలి.

చివరిగా ఈ మూడింటిలో ఏదైనా, శ్రీకాకుళం సంఖ్యలాగా, రెండు వర్గాల మొత్తం అవుతుందా అని అడగవచ్చు. అవ్వదు. 535003ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది, వర్గాలు 4తో 0 గానీ 1 గానీ మాత్రమే మిగులుస్తాయి కనుక రెండు కలిసి 3 ఇవ్వలేవు. 535001ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి పైకి ఆశ కలుగుతుంది, కానీ లోపలి 47, 11383 రెండూ 4తో 3 మిగిల్చేవే, ఒక్కొక్కసారే ఉన్నాయి. అలాంటి కారణాంకం సరిసంఖ్య సార్లు ఉంటే తప్ప వర్గాల మొత్తం సాధ్యం కాదు. 535002లో 3 ఒక్కసారే, 19 మూడుసార్లు ఉన్నాయి, రెండూ అదే రకానివి. 3, 19 రెండింటికీ ఇంకొక్కొక్కటి చేర్చి 57తో హెచ్చిస్తే మాత్రం 30495114 రెండు వర్గాల మొత్తం అవుతుంది: అది 26 × 1083², అంటే 5415² + 1083².